దొరకని రంగోలి: పరిగ్రహమును గూర్చి ఒక విచారము

తూకమునకు రానిది, పెట్టెలో దాచుటకు వీలులేనిది పరిగ్రహమగునా? ఈ ప్రశ్న పండితులకే చెందినదని తోచవచ్చును. కాని 2019 దీపావళికి ఇది మన గల్లాపెట్టె దగ్గరకే వచ్చినది.

ఆ అక్టోబరులో గూగుల్ పే వారు ఒక పండుగ వేడుక పెట్టిరి. ఫోను ద్వారా డబ్బు చెల్లించినవారికి దీపము, పువ్వు, లాంతరు, ఝుంకా, రంగోలి అను ఐదు ముద్రలలో ఏదో ఒకటి వచ్చెడిది. ఐదును కూర్చినవారికి 251 రూపాయలు బహుమానము. ముద్ర యనగా తెరపై కనబడు బొమ్మయే. కాగితము ముక్క కూడ కాదు. దీపములు, లాంతర్లు పోగుపడినవి. రంగోలి మాత్రము ఎందరికో దొరకలేదు. గడువును నవంబరు 11 వరకు పొడిగించిరి.

శక్తినగరు వంటి ఊరిని తలచుకొనుడు. థర్మల్ విద్యుత్కేంద్రమును ఆశ్రయించి పెరిగిన ఊరు. కృష్ణ దాటిన తెలంగాణమే. దుకాణములో తెలుగు, కన్నడము రెండును వినబడును. అచట కాలనీ గిరాకి ఒకడు ఒకేసారి కొనదగిన సరుకును మూడు మార్లుగా కొని, మూడు మార్లు చెల్లించెననుకొందము. అతనికి కావలసినది చక్కెర కాదు, రంగోలి. ముద్రలను ఒకరికొకరు పంపుకొను వీలుండుటచే ఇంటిలో వేరొక చిక్కు. "బావగారూ, మీకు రెండు వచ్చినవట గదా, ఒకటి మాకు పంపరాదా?" అని మరదలు అడుగును. మిగిలినది అప్పటికే మేనల్లునికి పోయినది. బొమ్మ కొరకు ముఖములు ముడుచుకొనుట ఎంత వింత!

లెక్క వేసి చూతము. ఐదు ముద్రలును సమానముగా వచ్చునట్లయితే మొదటిది ఒక్క మారులోనే వచ్చును. చివరిదానికి సగటున ఐదు మార్లు పట్టును. మొత్తము ఐదింటికి దాదాపు పదకొండున్నర మార్లు. కాని అందొకటి నూటికి ఒక్కసారి మాత్రమే వచ్చునట్లు పెట్టినచో, ఆ యొక్కదానికే సగటున నూరు మార్లు కావలెను. ప్రకటన అదే, 251 రూపాయలు అవే. నాలుగు చేతికి వచ్చినవాడు "ఇంకొక్కటే గదా" అనుకొనును. నిజమునకు అతడు దారిలో పదవవంతు కూడ నడువలేదు. ఆందోళనమంతయు ఇచ్చటనే పుట్టుచున్నది.

చీనాలో అలీపే వారు 2016 నూతన సంవత్సరమున ఇట్టి ఐదు భాగ్యముల ఆటనే నడపిరి. ఒక భాగ్యము మిక్కిలి అరుదు. ఐదును కూర్చగలిగినవారు 7,91,405 మంది, 21.5 కోట్ల యువానులు పంచగా తలకు 271 యువానులకు పైగా వచ్చెను. మరుసటి ఏడు అరుదుతనము సడలించిరి. 16.8 కోట్ల మంది కూర్చిరి, పంచినది 20 కోట్లు. సగటున తలకు ఒక యువానుకు కొంచెము మించి వచ్చినది. న్యాయము హెచ్చినది గాని సంతోషము హెచ్చినదని చెప్పజాలము.

అరుదుతనము దానంతట అది అన్యాయము కాదు, కుంకుమపువ్వును అరుదే. వంతు దాచుటయే దోషము. అచౌర్య వ్రతమునకు అతిచారములలో తప్పుడు తూనికలు, కొలతలు చెప్పబడినవి. త్రాసు సరియైనదే కావచ్చును; తట్టను తెర వెనుక పెట్టి తూచినచో కొనువాడెట్లు నమ్మును? ఆన్‌లైను ఆటలలో ఏ వస్తువు ఎంతమందికి ఒకరికి వచ్చునో ప్రకటింపవలెనని చీనా ప్రభుత్వము 2017 మే 1 నుండి నిబంధన పెట్టినది. ఆపిల్ సంస్థయు అదే డిసెంబరులో తన అంగడిలోని ఆటలకు అట్టి నియమమునే విధించెను.

ఇక మొదటి ప్రశ్న. ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రములో పరిగ్రహమునకు వస్తువును గాక మూర్ఛను, అనగా మమకారమును, లక్షణముగా చెప్పిరి. కావున బరువులేని బొమ్మయు పరిగ్రహము కాగలదు. ఉపాసకదశాంగములోని ఆనంద శ్రావకుడు పాతరలో నాలుగు కోట్లు, వడ్డీలో నాలుగు కోట్లు, ఇంటి సామగ్రిలో నాలుగు కోట్ల బంగారు నాణెములు, నాలుగు గోకులముల పశువులు చాలునని హద్దు పెట్టుకొనెను. ఆ సంఖ్య చిన్నది కాదు. కాని పెట్టుకొన్నవాడు తానే. రంగోలికి సంఖ్య పెట్టినది ఇచ్చువాడు.

భగవాన్ మహావీరుని నిర్వాణదినమున, కొత్త ఖాతా పుస్తకములు పూజించు దినములలోనే ఆ ఆట నడచినది. ఇప్పుడు పిల్లల ఫోను ఆటలలో "కొద్ది దినములు మాత్రమే" అను దుస్తులు, ఆయుధముల బొమ్మలు నేరుగా రొక్కమునకే అమ్ముచున్నారు. ఆట మొదలుకాక ముందే ఇంటిలో ఒక సంఖ్య అనుకొనుట మేలు: పండ్రెండు మార్లు అనుకొందము. పదమూడవ మారునకు తండ్రి కూడ ఫోను తీయరాదు.