వేధించేది ఒకరు – చూసేది ఎందరు?

పట్టపగలు గుడ్లగూబ చెట్టు తొర్రలోంచి బయటికి వస్తే ఏమవుతుందో మీరెప్పుడైనా చూశారా? ముందు ఒక కాకి అరుస్తుంది. ఆ అరుపు విని మరో నాలుగు వస్తాయి. కాసేపటికి పది, ఇరవై కాకులు పోగై, అరుస్తూ, మీదికి దూకుతూ, దానిని అక్కడి నుంచి తరిమేదాకా ఊరుకోవు. పంచతంత్రంలో ఒక తంత్రం మొత్తం కాకులకూ గుడ్లగూబలకూ ఉన్న వైరం మీదే నడుస్తుంది.

ఇలా గుంపుకట్టి ఒకదాని మీద పడడాన్ని జీవశాస్త్రంలో ‘మాబింగ్’ అంటారు. 1969లో స్వీడన్‌లో పీటర్-పాల్ హైనెమాన్ అనే డాక్టరు ఈ మాటను పక్షుల దగ్గర నుంచి తెచ్చి బడిపిల్లలకు వాడాడు. పిల్లలు గుంపుగా చేరి ఒక్కరిని ఏడిపించడం చూసి, ఆయనకు ఆ పోలిక తోచింది.

అయితే ఒక తేడా ఉంది. గుడ్లగూబ రాత్రివేళ కాకులనూ వాటి పిల్లలనూ పట్టి తినగలదు. కనుక కాకుల కోపానికి కారణం ఉంది. బడిలో అందరూ ఏడిపించే పిల్లవాడు ఎవరికి ఏ అపాయం చేశాడు? ఏమీ చేయలేదు. మరి అతని చుట్టూ గుంపు ఎందుకు చేరుతుంది? ఆ గుంపులో ఉన్నవాళ్లు ఎవరు? శాస్త్రజ్ఞులు యాభై ఏళ్లకు పైగా ఈ ప్రశ్నలకు జవాబు వెతుకుతున్నారు. వారు తెలుసుకున్న సంగతుల్లో కొన్ని మీకు ఆశ్చర్యం కలిగిస్తాయి.

వేళాకోళం వేరు, వేధింపు వేరు

స్నేహితులు ఒకరినొకరు ఆటపట్టించుకోవడం మామూలే. ఈ రోజు మీరు నన్ను అంటారు, రేపు నేను మిమ్మల్ని అంటాను, ఇద్దరం నవ్వుకుంటాం. ఆటలో గొడవపడి ఇద్దరు సమాన బలం గలవాళ్లు తోసుకోవడం కూడా జరుగుతుంది. అది తప్పే అయినా, వేధింపు కాదు.

మరి వేధింపు అంటే ఏమిటి? దీనికి స్పష్టమైన కొలత పెట్టినవాడు స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డాన్ ఓల్వేయస్. ఈ విషయంపై ఆయన తొలి గ్రంథం 1973లో స్వీడిష్ భాషలో వెలువడింది. ఆయన చెప్పిన లక్షణాలు మూడు:

1. కావాలని బాధపెట్టడం.
2. ఒకసారితో ఆగక, మళ్లీ మళ్లీ జరగడం.
3. బాధపడేవారికి ఎదుర్కొనే బలం లేకపోవడం.

ఇక్కడ బలం అంటే కండబలమే కాదు. నలుగురు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు ఉంటే అది బలంలో తేడాయే. డబ్బు, కులం, పెద్ద తరగతి, మాటకారితనం – ఇవన్నీ బలాలే.

కొట్టడం, పుస్తకాలు దాచడం, టిఫిన్ డబ్బా లాక్కోవడం పైకి కనబడే వేధింపులు. ‘సోడాబుడ్డి’, ‘నల్లోడు’, ‘నత్తోడు’ అని పేర్లు పెట్టి రోజూ పిలవడం రెండో రకం. మూడో రకానికి చప్పుడే ఉండదు. ఒక అమ్మాయికి తరగతిలోని వాళ్లంతా కట్టగట్టుకుని ‘కటీఫ్’ చెబుతారు. అన్నం తినేచోట ఆమె రాగానే జరిగి కూర్చుంటారు. ఒంటి మీద దెబ్బ ఉండదు కాబట్టి పెద్దలకు ఏమీ కనబడదు. కాని ఆ అమ్మాయికి బడికి వెళ్లాలంటేనే పొద్దున్నే కడుపునొప్పి వస్తుంది. ఆ నొప్పి నటన కాదు. భయం, దిగులు ఎక్కువైనప్పుడు తలనొప్పి, కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం నిజంగానే కలుగుతాయి.

ఒక దేశం మేలుకుంది

1982 చివర్లో నార్వే ఉత్తర ప్రాంతంలో ముగ్గురు బాలురు తమ ప్రాణాలు తీసుకున్నారు. తోటి పిల్లలు పెట్టిన తీవ్రమైన వేధింపే అందుకు కారణమై ఉంటుందని తేలడంతో దేశమంతా కలత చెందింది. 1983లో అక్కడి ప్రభుత్వం వేధింపును అరికట్టడానికి బడులన్నిటిలో కార్యక్రమం మొదలుపెట్టింది.

ముందుగా ఓల్వేయస్ తయారుచేసిన ప్రశ్నపత్రాన్ని పిల్లలకు ఇచ్చారు. పేరు రాయనక్కర్లేదు. లక్షా ముప్ఫయి వేలమంది జవాబులు రాశారు. లెక్క తేల్చగా, నూటికి సుమారు 15 మంది వేధింపులో చిక్కుకుని ఉన్నారు. వారిలో దాదాపు 9 మంది బాధపడేవారు, 7 మంది బాధపెట్టేవారు. ఈ రెండూ కలిపితే 16 అవుతుందేమని మీరు అడగవచ్చు. కొందరు రెండు జాబితాల్లోనూ ఉన్నారు! ఒకచోట దెబ్బ తిని, మరోచోట తమకంటే చిన్నవారిని కొట్టేవారన్నమాట.

బెర్గెన్ అనే పట్టణంలోని 42 బడుల్లో, సుమారు 2,500 మంది పిల్లలను రెండున్నరేళ్లపాటు పరిశీలించారు. అక్కడ చేసిన పనులు చాలా మామూలువి. విరామ సమయంలో ఉపాధ్యాయులు ఆవరణలో తిరుగుతూ కనిపెట్టి ఉన్నారు. తరగతిలో పిల్లలే కూర్చుని నియమాలు ఏర్పరచుకున్నారు: మనం ఎవరినీ వేధించం, వేధింపుకు గురైనవారికి సాయం చేస్తాం, ఒంటరిగా మిగిలినవారిని మనలో కలుపుకుంటాం. వారం వారం ఆ నియమాల గురించి మాట్లాడుకున్నారు. వేధించినవారితో, వారి తల్లిదండ్రులతో ఉపాధ్యాయులు గట్టిగా మాట్లాడారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ బడుల్లో వేధింపు దాదాపు సగానికి తగ్గింది.

దీన్నిబట్టి ఒక సంగతి రుజువైంది. ‘పిల్లలన్నాక ఇవన్నీ మామూలే, వాళ్లే సర్దుకుంటారు’ అనే మాట నిజం కాదు. వేధింపు వానలాగా దానంతటది కురిసేది కాదు. ప్రయత్నిస్తే తగ్గుతుంది.

“వాడు అలా ఉన్నాడు కాబట్టే...”

ఎవరినైనా ఎందుకు ఏడిపిస్తున్నావని అడిగితే, ‘వాడు లావుగా ఉన్నాడు’, ‘వాడి యాస వేరు’, ‘కళ్లద్దాలు పెట్టుకుంటాడు’ అని కారణాలు చెబుతారు. ఓల్వేయస్ దీన్ని కూడా పరీక్షించాడు. వేధింపుకు గురయ్యే బాలురనూ, గురికాని బాలురనూ పోల్చి చూశాడు. లావు, కళ్లద్దాలు, జుట్టు రంగు, యాస వంటి పైపై తేడాలు రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నాయి! కళ్లద్దాలు ఉన్న పిల్లలు ఎందరో హాయిగా తిరుగుతున్నారు. శరీరబలం తక్కువగా ఉండడం ఒక్కటే తేడాగా కనిపించింది.

అంటే ముందు ఎదిరించలేనివాణ్ణి ఎంచుకోవడం, తర్వాత వెక్కిరించడానికి ఏదో ఒకటి వెతకడం జరుగుతున్నదన్నమాట. వెతికితే ప్రతివారిలోనూ ఏదో ఒకటి దొరుకుతుంది. కనుక బాధపడే పిల్లలు ‘నాలోనే ఏదో లోపం ఉంది’ అనుకోనక్కర్లేదు.

చుట్టూ నిలబడింది ఎవరు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. గుంపులో ఉన్నవాళ్లు ఎవరు?

ఫిన్లండ్ దేశపు శాస్త్రజ్ఞురాలు క్రిస్టీనా సాల్మివల్లి, ఆమె సహచరులు 1996లో ఒక పరిశోధన ప్రకటించారు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలను ‘వేధింపు జరుగుతున్నప్పుడు మీ తరగతిలో ఎవరెవరు ఏం చేస్తారు?’ అని అడిగారు. జవాబులను బట్టి ప్రతి నూరుమందినీ సుమారుగా ఇలా విడదీయవచ్చు:

వేధించేవారు – 8
వారికి చేయి అందించేవారు – 7
నవ్వుతూ, అరుస్తూ ఉసిగొల్పేవారు – 20
పట్టనట్టు తప్పుకునేవారు – 24
బాధపడేవారి పక్షాన నిలిచేవారు – 17
బాధపడేవారు – 12

మిగిలినవారికి స్పష్టమైన పాత్ర కనిపించలేదు.

ఈ అంకెలను మరోసారి చూడండి. వేధించేవారు 8 మందే. నవ్వేవారు, తప్పుకునేవారు కలిపి 44 మంది! వీధిలో గారడీవాడు ఎవరూ చూడకపోతే ఆట కట్టేసి వెళ్లిపోతాడు గదా. ఇదీ అంతే. వేధించేవాడికి కావలసింది చాలాసార్లు ఎదుటివాడి పెన్సిలో, పుస్తకమో కాదు, చుట్టూ ఉన్నవాళ్ల నవ్వు. ఆ నవ్వే అతన్ని తరగతిలో పెద్దమనిషిని చేస్తుంది.

ఫోనులో జరిగేది కూడా ఇదే. ఒకరి ఫోటోకు చెడ్డ మాట రాసి గ్రూపులో పెట్టేది ఒక్కరు. దాన్ని మరొకరికి పంపే ప్రతి చేయీ గుంపులో కలిసినట్టే. పైగా బడిలో వేధింపు చివరి గంటతో ఆగవచ్చు, ఫోనులోది రాత్రి పక్క మీదికి కూడా వస్తుంది.

పది సెకన్ల పని

కెనడాలోని టొరంటో నగరంలో డెబ్రా పెప్లర్, వెండీ క్రెయిగ్ అనే శాస్త్రజ్ఞులు తమ బృందంతో కలిసి బడి ఆటస్థలాలను దూరం నుంచి కెమెరాతో చిత్రించారు. పిల్లల దుస్తులకు చిన్న మైకులు అమర్చారు. 2001లో ప్రకటించిన ఫలితం ఇది: నూరు వేధింపు సంఘటనల్లో 88 తోటిపిల్లల కళ్ల ముందే జరిగాయి. వాటిలో పిల్లలు అడ్డు చెప్పింది నూటికి 19 సార్లు మాత్రమే. కాని అలా ఎవరైనా అడ్డు చెప్పినప్పుడు, సగానికి పైగా సందర్భాల్లో – నూటికి 57 సార్లు – వేధింపు పది సెకన్లలోపే ఆగిపోయింది!

పది సెకన్లు అంటే ఎంత? నెమ్మదిగా ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టి చూడండి.

మరి మనం ఎందుకు కదలం?

1968లో న్యూయార్క్‌లో బిబ్ లటానే, జాన్ డార్లీ ఒక ప్రయోగం చేశారు. ఒక విద్యార్థిని గదిలో కూర్చోబెట్టి కాగితాలు నింపమన్నారు. కాసేపటికి గోడలోని రంధ్రం గుండా గదిలోకి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవారిలో నూటికి 75 మంది లేచి వెళ్లి చెప్పారు. అదే గదిలో ఏమీ పట్టనట్టు కూర్చోమని ముందే చెప్పి ఉంచిన మరో ఇద్దరు ఉన్నప్పుడు, నూటికి 10 మందే లేచారు. మిగిలినవారు కళ్లు నులుముకుంటూ, దగ్గుతూ కూర్చున్నారు!

వారు చెడ్డవారు కాదు. ‘వాళ్లు ఊరుకున్నారంటే ప్రమాదం లేదేమో’ అనుకున్నారు. బడి వరండాలోనూ అదే జరుగుతుంది. ప్రతివారూ పక్కవారి ముఖం చూస్తారు. అందరికీ లోపల బాధగానే ఉన్నా, ఎవరూ కదలరు కాబట్టి ఎవరికీ బాధ లేదని అందరూ అనుకుంటారు. ఒక్కరు కదిలితే ఈ చిక్కుముడి వీడుతుంది.

మీరు ఏం చేయవచ్చు?

మీరు చూస్తూ ఉన్నట్లయితే: కలబడనక్కర్లేదు. నవ్వకండి. ‘రారా, కబడ్డీకి ఒకడు తక్కువయ్యాడు’ అని ఆ పిల్లవాణ్ణి పిలిచి అక్కడి నుంచి తీసుకుపోవచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళితే మరీ మంచిది. కొట్టుకునేదాకా వస్తే మాత్రం వెంటనే ఉపాధ్యాయుణ్ణి పిలవండి. ఏమీ చేయలేకపోతే, తర్వాతైనా వెళ్లి అతని పక్కన కూర్చోండి.

‘మాస్టారికి చెబితే చాడీ చెప్పినట్టు కాదా?’ అని మీకు సందేహం రావచ్చు. ఒకరిని చిక్కులో పెట్టడానికి చెప్పేది చాడీ. చిక్కులో ఉన్నవారిని బయటికి తేవడానికి చెప్పేది చాడీ కాదు.

మీరే బాధపడుతున్నట్లయితే: ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోనులో వచ్చినదైతే చెరిపేయకండి. మీరు నమ్మే పెద్దవారికి చెప్పండి. ‘తిరిగి కొట్టి రా’ అనో, ‘నువ్వే సర్దుకుపో’ అనో అంటే నిరాశపడక, అమ్మ కాకపోతే బాబాయికి, మాస్టారు కాకపోతే టీచరమ్మకు చెప్పండి. 1098 నంబరుకు ఫోను చేస్తే పిల్లలకు సాయం అందుతుంది. డబ్బు కట్టనక్కర్లేదు. విద్యార్థిని అవమానించడం, భయపెట్టడం నేరమని మన రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది.

మీరే ఇతరులను ఏడిపిస్తున్నట్లయితే: ఈ సంగతి వినండి. ఓల్వేయస్ పరిశీలించిన వేధించే బాలుర్లో నూటికి సుమారు 60 మంది 24 ఏళ్లు వచ్చేసరికి ఏదో ఒక నేరానికి కోర్టులో శిక్ష పడినవారే. మిగిలిన 40 మంది సంగతీ ఉందిగా! ఆ దారి ముందే రాసి పెట్టి ఉన్నది కాదు. ఎంత త్వరగా మళ్లితే అంత మంచిది.

ఈ పని చేసి చూడండి

కావలసినవి: ఒక పెద్ద అట్ట, స్కేలు, రంగు పెన్సిళ్లు, మూతకు చీలిక పెట్టిన ఒక అట్టపెట్టె.

మీ బడి పటం గీయండి. గదులు, వరండా, కుళాయిలు, మరుగుదొడ్లు, అన్నం తినేచోటు, ఆటస్థలం, గేటు, బస్సు ఆగేచోటు అన్నీ గుర్తించండి. రెండు వారాలపాటు, వేధింపు చూసినవారు స్థలం, సమయం మాత్రం చీటీ మీద రాసి పెట్టెలో వేయాలి. ఎవరి పేర్లూ రాయకూడదు. తర్వాత ఒక్కొక్క చీటీకి పటం మీద ఒక్కొక్క చుక్క పెట్టండి. ఉదయానికి ఒక రంగు, మధ్యాహ్నానికి ఒకటి, సాయంత్రానికి మరొకటి వాడండి.

పూర్తయ్యాక ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి:

1. చుక్కలు ఎక్కడ ఎక్కువగా ఉన్నాయి? ఏ సమయంలో?
2. ఆ చోట ఆ సమయంలో పెద్దవారు ఎవరైనా ఉంటున్నారా?
3. అసలు చుక్కలే లేని చోట్లు ఏవి? అక్కడ ఎందుకు లేవు?

పటాన్ని మీ తరగతి ఉపాధ్యాయునికీ, హెడ్మాస్టరుకూ చూపించి, ఎక్కువ చుక్కలున్న చోట విరామంలో ఒక ఉపాధ్యాయుడు ఉండేలా చూడమని అడగండి. రెండు నెలల తర్వాత మళ్లీ ఇంకో పటం గీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చుక్కలు లెక్కించండి.