మరచిపోయిన చేయి

సెలవులకి రావికమతం వెళ్ళినప్పుడల్లా మా పిన్ని కొడుక్కి బెల్లంముక్క ఎడమచేతికే ఇచ్చేదాన్ని. ఆరేళ్ళవాడి కుడిచేయి పిడికిలి బిగుసుకొని గుండెకి ఆనుకొని ఉండేది. "గాలి సోకింది. నూనె రాస్తే అదే తగ్గిపోద్ది" అనేది మామ్మ.

ఫిజియోథెరపీ చదువులో చేరాక తెలిసింది, లోపం చేతిలో లేదు, మెదడులో ఉంది. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పసితనంలోనో ఎదిగే మెదడుకి తగిలే దెబ్బే సెరిబ్రల్ పాల్సీ. ఆ దెబ్బ పెరగదు. కాని వాడని చేతిని మెదడు వాడుకలోంచి తీసేస్తుంది. నూనె మర్దనా హాయినిస్తుందేగాని పని నేర్పదు. పనే పని నేర్పుతుంది.

మా లెక్చరరుగారి సలహాతో వాడి ఎడమచేతికి రోజూ కొంతసేపు మెత్తని గుడ్డతొడుగు వేసి, కుడిచేతికి అందేలా బెల్లంముక్క పెట్టాం. మొదటిరోజు వాడేడ్చాడు, పిన్నీ ఏడ్చింది. మూడు వారాలకి వేళ్ళు విప్పి ముక్క పట్టాడు! తరువాత రెండు చేతుల పని: కుడిచేత్తో గిన్నె ఆపి, ఎడమచేత్తో మూత తీయడం. బొత్తాం ఇప్పటికీ పెట్టుకోలేడు. ఇది పూర్తిగా నయంచేసే మందు కాదు, ఓపికతో సాగే సాధన.

ఇటువంటి పిల్లల చేతిపనిని 5 స్థాయిలుగా కొలిచే పద్ధతి 2006లో వచ్చింది. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సెరిబ్రల్ పాల్సీని పేరుపెట్టి గుర్తించింది. అయితే చట్టం ఇంటిలోకి రావాలంటే మనమే తేవాలి.

మిత్రులారా, ఎడమచేతికి బెల్లమివ్వడం ప్రేమనుకున్నాను. కాసేపు ఆగి, కుడిచేయి వచ్చేదాకా చూడడమే ప్రేమని ఆలస్యంగా నేర్చుకున్నాను.