పార్కు ప్లాను ఎవరిచేత గీయించాలి? – కామర్స్ విద్యార్థులకు ఒక పాఠం



టెండరు అనగానే మన పిల్లలు "ఎవరు తక్కువ ధర వేస్తే వారికే పని" అని ఒక్క వాక్యంలో జవాబు రాసేస్తారు. వస్తువులు కొనేటప్పుడు అది చాలావరకు సరైన జవాబే. నేను బ్యాంకులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో బ్రాంచికి స్టీలు బీరువా కావలసివస్తే మూడు కొటేషన్లు తెప్పించి, కంపారిటివ్ స్టేట్‌మెంటు వేసి, మేనేజరు గారి సంతకానికి పెట్టేవాణ్ణి. బీరువా కొలత ఒకటే, రేకు మందం ఒకటే, తేడా అంతా ధరలోనే. కాని కొనేది వస్తువు కాక ఒకరి ఆలోచన, అనుభవం అయినప్పుడు ఏం చేయాలి? అక్కడ ఆ ఒక్క వాక్యం చాలదు.

ఉదాహరణకు ఒక మునిసిపాలిటీ ఊళ్లో కొత్త పార్కు వేయదలచింది అనుకుందాం. దానికి ప్లాను గీసే ల్యాండ్‌స్కేప్ డిజైన్ సంస్థను ఎలా ఎంచుకోవాలో ఈ పాఠంలో చూద్దాం. లెక్క చిన్నదే, హైస్కూలు పిల్లలు కూడా చేయగలరు.

1. డిజైన్ సంస్థ చేసే పని ఏమిటి?

చాలామంది ఇది పూలమొక్కల నర్సరీ పని అనుకుంటారు. అది పొరపాటు. ఈ సంస్థ మొదట నేల ఎత్తుపల్లాలు కొలిపిస్తుంది. మట్టిని పరీక్ష చేయిస్తుంది. వాననీరు ఎటు పారుతుందో, ఎక్కడ నిలుస్తుందో గుర్తిస్తుంది. ఉన్న చెట్లలో వేటిని ఉంచాలో చెబుతుంది. ఆ తరువాతే నడక దారులు, పిల్లల ఆటస్థలం, దీపాలు, కూర్చునే చోట్లు, మరుగుదొడ్లు, నాటవలసిన మొక్కల జాబితా తయారవుతాయి. చివరికి ఏ పని ఎంత పరిమాణమో తేల్చే పట్టిక, దాని అంచనా ఖర్చు ఇస్తుంది.

గుర్తుంచుకోండి: డిజైన్ సంస్థ వేరు, పని చేసే కాంట్రాక్టరు వేరు. కాంట్రాక్టరు పని సరిగా ఉందా లేదా అని చూడవలసింది డిజైన్ సంస్థ. ఇద్దరూ ఒకటే అయితే పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు ఉంటుంది.

2. ఒక పాత ఉదాహరణ

అమెరికాలో న్యూయార్క్ నగరం 1857లో సెంట్రల్ పార్కు కోసం డిజైన్ పోటీ పెట్టింది. మొదటి బహుమతి 2,000 డాలర్లు. పోటీకి వచ్చేవారికి షరతులు ముందే అచ్చువేసి ఇచ్చారు. పార్కును తూర్పు పడమరలుగా దాటే రోడ్లు నాలుగైనా ఉండాలి, కవాతు మైదానం ఉండాలి, ఆటస్థలాలు ఉండాలి, చలికాలంలో మంచుమీద జారి ఆడుకునే చోటు ఉండాలి, నిర్మాణ ఖర్చు 15 లక్షల డాలర్లు దాటకూడదు. ఇలా సాగింది జాబితా.

33 ప్లాన్లు వచ్చాయి. 1858 ఏప్రిల్‌లో గెలిచింది 33వ నంబరు ప్లాను. గీసినవారు ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్. అడ్డ రోడ్లు అందరూ గీయవలసినవే. వీరిద్దరూ ఆ రోడ్లను నేలమట్టం కంటే కిందికి దించారు. బళ్లు కింద పోతాయి, మనుషులు పైన అడ్డంకి లేకుండా నడుస్తారు. నేడు 843 ఎకరాలున్న ఆ పార్కులో ఆ దారులు ఇప్పటికీ అలాగే పనిచేస్తున్నాయి. షరతు అందరికీ ఒకటే అయినా దాన్ని తీర్చిన తెలివి వేరు. మనం డబ్బిచ్చి కొనేది ఆ తెలివినే.

ఇదే కథలో మూడు హెచ్చరికలు కూడా ఉన్నాయి. మొదటిది, ఓమ్‌స్టెడ్ అప్పటికే ఆ పార్కు పనులకు సూపరింటెండెంటు. రెండో బహుమతి పొందిన వ్యక్తి కూడా అక్కడి ఉద్యోగే. ప్లాను ఎంత గొప్పదైనా, నేటి నియమాల ప్రకారం ఇటువంటి సంబంధాన్ని ముందే రాతపూర్వకంగా తెలపాలి. రెండవది, గెలిచిన తరువాత కమిషనర్లు ప్లానులో మార్పులు కోరారు. కనుక మార్పులకు అదనపు ఫీజు ఉందా లేదా అన్నది ఒప్పందంలోనే ఉండాలి. మూడవది, ఆ స్థలం ఖాళీగా లేదు. పార్కు కోసం సుమారు 1,600 మందిని అక్కడి నుంచి ఖాళీ చేయించారు. వారిలో సెనెకా విలేజ్ అనే పేటలో సొంత ఇళ్లు కట్టుకున్న నల్లజాతి కుటుంబాలు ఉన్నాయి. మ్యాపులో ఖాళీగా కనిపించే జాగాలో ఎవరు బతుకుతున్నారో ముందు వెళ్లి చూడాలి.

3. అడిగేది సరిగా అడగాలి

టెండరు పిలిచేముందు మునిసిపాలిటీ తనకు ఏం కావాలో రాసుకోవాలి. "అందమైన పార్కు కావాలి" అంటే ఎవరికి తోచింది వారు గీస్తారు. ఎన్ని ఎకరాలు, ఎంత బడ్జెట్టు, ఎవరికోసం, నీళ్లు ఎక్కడినుంచి, నిర్వహణకు ఏటా ఎంత ఖర్చుపెట్టగలం అన్నవి రాయాలి. నేల స్వభావం కూడా రాయాలి.

చెన్నైలో అడయార్ నది సముద్రంలో కలిసేచోటి కయ్య ఇందుకు ఉదాహరణ. మురుగు, కట్టడాల చెత్త చేరి పాడైపోయిన ఆ నీటి జాగాలో 58 ఎకరాలను బాగుచేయడానికి ఆరోవిల్‌కు చెందిన పిచ్చాండికుళం ఫారెస్ట్ కన్సల్టెంట్స్‌ను నియమించారు. దేశవాళీ మొక్కలతో అడవులు పెంచడం వారి ప్రత్యేకత. 2011లో తొల్కాప్పియ పూంగా పేరుతో అది ప్రారంభమైంది. అటువంటి చోట పచ్చిక బయళ్లు, ఫౌంటెన్లు వేసే సంస్థ ఎంత పేరున్నదైనా పనికిరాదు. మడుగుకు, మడ మొక్కలకు తగిన అనుభవం కావాలి. మనకున్న నేలనుబట్టి సంస్థను వెతకాలి.

4. రెండు కవర్ల లెక్క

సంస్థలు రెండు సీలు కవర్లు ఇస్తాయి. మొదటి కవరులో అనుభవం, పనిచేయబోయే మనుషుల అర్హతలు, పద్ధతి. రెండో కవరులో ఫీజు. ముందుగా మొదటి కవరే తెరిచి మార్కులు వేస్తారు. కనీస మార్కులు రాని సంస్థ రెండో కవరును తెరవనే తెరవరు.

ఒక ఊహాలెక్క చూద్దాం. 20 ఎకరాల పార్కు, నిర్మాణ అంచనా 10 కోట్ల రూపాయలు, కనీస మార్కులు 70.

క సంస్థ: సాంకేతిక మార్కులు 90, ఫీజు 50 లక్షలు
చ సంస్థ: సాంకేతిక మార్కులు 78, ఫీజు 40 లక్షలు
ట సంస్థ: సాంకేతిక మార్కులు 62, ఫీజు 25 లక్షలు

ట ఫీజు కవరును ఎవరూ తెరవరు. అందులో 25 లక్షలున్నట్టు మనకు తెలిసింది పాఠం కోసమే. మిగిలిన ఇద్దరిలో తక్కువ ఫీజు వేసిన చ సంస్థకు ధర మార్కులు 100. క సంస్థకు 40ని 50తో భాగించి 100తో హెచ్చవేస్తే 80.

ఇప్పుడు నాణ్యతకు 70 శాతం, ధరకు 30 శాతం వాటా ఇద్దాం.

క: 90లో 70 శాతం 63, 80లో 30 శాతం 24, మొత్తం 87
చ: 78లో 70 శాతం 54.6, 100లో 30 శాతం 30, మొత్తం 84.6

పని క సంస్థకు వస్తుంది. అదే వాటాలు 50, 50 అయితే క మొత్తం 85, చ మొత్తం 89. పని చ సంస్థకు పోతుంది! మార్కులు మారలేదు, ఫీజులు మారలేదు, వాటా ఒక్కటే మారింది. అందుకే ఈ పాఠంలో మీరు మరచిపోకూడని మాట ఇది: కనీస మార్కులు, వాటాలు టెండరు ప్రకటనలోనే అచ్చులో ఉండాలి. కవర్లు తెరిచాక వాటాలు నిర్ణయించడమంటే, గెలవవలసినవారిని ముందే నిర్ణయించుకుని లెక్క వేసినట్టే.

కేంద్ర ప్రభుత్వ శాఖలకు వర్తించే 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 192వ నిబంధన ఈ పద్ధతినే చెబుతుంది. నాణ్యత వాటా 80 శాతం దాటరాదని కూడా అందులో ఉంది. తమిళనాడులో 1998 నాటి టెండర్ల పారదర్శకత చట్టం, కర్ణాటకలో 1999 నాటి చట్టం ప్రభుత్వ టెండర్లకు వర్తిస్తాయి.

ఇంకొక సంగతి గమనించండి. క, చ ఫీజుల తేడా 10 లక్షలు. 10 కోట్ల పనిలో అది 1 శాతం. నీరు పోయే దారి తప్పుగా గీస్తే, దారులు తవ్వి మళ్లీ వేయడానికి అయ్యే ఖర్చు ఆ 1 శాతంతో ఆగదు. అలాగని ఎక్కువ ఫీజు అడిగినవారే గొప్పవారనీ కాదు. అందుకే రెంటికీ మార్కులు.

5. ఫీజు ఎలా చెల్లించాలి?

కొన్నిచోట్ల నిర్మాణ ఖర్చులో ఇంత శాతం అని ఫీజు ఇస్తారు. అందులో ఒక చిక్కుంది. సిమెంటు, గ్రానైటు ఎంత పెరిగితే ఫీజు అంత పెరుగుతుంది. వేపచెట్టు నీడన మామూలు బల్ల వేయమని సలహా ఇచ్చే సంస్థకు అందులో లాభం లేదు. పని ఎంతో ముందే తేలినప్పుడు ఒకే మొత్తంగా ఫీజు కుదుర్చుకుని, దశలవారీగా చెల్లించడం మేలు. నమూనాకు ఇలా ఉండవచ్చు: సర్వే, మొదటి ప్లాను 20 శాతం, వివరమైన డ్రాయింగులు 35 శాతం, పరిమాణాల పట్టిక, టెండరు పత్రాలు 10 శాతం, పని జరిగేటప్పుడు పర్యవేక్షణ 25 శాతం, ఒక ఏడాది గడిచాక మొక్కలు బతికి ఉన్నాయని చూసి 10 శాతం. 50 లక్షల ఫీజులో ఆ చివరి వాటా 5 లక్షలు. అంత సొమ్ము చేతికి రావలసి ఉంటే ఏ సంస్థ అయినా ఏడాది తరువాత తప్పక వచ్చి చూస్తుంది.

మా పేటలో ఒక పార్కు ప్రారంభోత్సవం రోజున పచ్చ తివాచీ పరిచినట్టు ఉండేది. రెండో వేసవికి గడ్డి ఎండి, నేల పగుళ్లు తేలింది. విచారిస్తే, నీళ్లు పెట్టే మనిషికి జీతం ఏ పద్దులోనూ రాయలేదట. నిర్వహణ పుస్తకం, ఏటా కావలసిన నీళ్ల లెక్క, తోటమాలుల సంఖ్య కూడా డిజైన్ సంస్థ నుంచి రాబట్టాలి.

6. తల్లిదండ్రులకు రెండు మాటలు

మొదటిది, పార్కు డబ్బు మనం కట్టే పన్నుల డబ్బే. పని ఎవరికి ఇచ్చారో, ఏ మార్కులతో ఇచ్చారో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి అడగవచ్చు. పిల్లలచేత ఆ దరఖాస్తు రాయించండి. దానికి మించిన కామర్స్ ప్రాక్టికల్ లేదు.

రెండవది, ఇది మంచి చదువు కూడా. బొమ్మలు గీయడం, లెక్కలు, మొక్కలు మూడూ ఇష్టమైన పిల్లలు ఐదేళ్ల బి.ఆర్క్ చేసి, తరువాత రెండేళ్ల పీజీలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ చదవవచ్చు. బి.ఆర్క్ ప్రవేశానికి నాటా పరీక్ష ఉంది. స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ సంస్థలకు, ఎన్.ఐ.టి.లకు జె.ఇ.ఇ. మెయిన్ రెండో పేపరు రాయాలి. ఢిల్లీ, భోపాల్, విజయవాడల్లోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ సంస్థల్లో ఈ పీజీ ఉంది. దరఖాస్తు చేసే ఏడాది నియమాలు ఆయా ప్రకటనల్లో చూసుకోగలరు.

అభ్యాసం

1. పై లెక్కలో నాణ్యతకు 60, ధరకు 40 వాటా ఇస్తే పని ఎవరికి వస్తుంది?
2. కనీస మార్కులు 70కి బదులు 60 అనుకోండి. ట కూడా పోటీలో ఉంటుంది. వాటాలు 70, 30 అయితే ముగ్గురి మొత్తాలు ఎంత? వాటాలు 60, 40 అయితే ఎవరు గెలుస్తారు?
3. మీ ఊళ్లో 5 ఎకరాల పార్కు వేయాలంటే డిజైన్ సంస్థకు ఇవ్వవలసిన షరతుల పత్రం ఒక పేజీలో రాయండి.

జవాబులు: 1. క 86, చ 86.8, పని చ సంస్థకు. 2. వాటాలు 70, 30 అయితే క 78, చ 73.35, ట 73.4, పని క సంస్థకే. 60, 40 అయితే ట 77.2తో గెలుస్తుంది. కనీస మార్కుల గీత ఎక్కడ గీస్తామన్నది ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది. మూడో ప్రశ్నకు జవాబు మీ ఊరి నేలమీద నడిచి చూసి రాయవలసినదే. పిల్లలందరికీ నా ఆశీస్సులు.