బ్లాక్డ్ అకౌంట్ అంటే నీ తిండి డబ్బు

చిరంజీవి అమ్మలుకు,

అక్టోబరులో ఎమ్మెస్‌కి జర్మనీ వెళ్తున్నావు. ట్యూషన్ ఫీజు లేని యూనివర్సిటీలో సీటు వచ్చిందని ఇంటిల్లిపాదీ సంబరంగా ఉన్నారు, నాకూ అంతే సంతోషం. అయితే మీ నాన్న పంపిన ఖర్చుల కాగితంలో ఒక పద్దు దగ్గర నా చూపు ఆగిపోయింది. ‘బ్లాక్డ్ అకౌంట్ – బయట తెచ్చి కట్టడం, నెలనెలా వెనక్కి పంపడం. అక్కడి ఖర్చు – పార్ట్‌టైమ్’ అని ఉంది. కన్సల్టెన్సీల వాళ్లు చెప్పే లెక్కే ఇది. మన ఊళ్లలో చాలామంది పిల్లలు ఇలాగే విమానం ఎక్కుతున్నారు కూడా. ఈ ఒక్క పద్దు మార్చుకోమని చెప్పడానికే ఇంత ఉత్తరం రాస్తున్నాను. అక్కడ నువ్వు సంపాదించబోయే ఒక్క యూరో కూడా కలపకుండా మొదటి ఏడాది గడవాలి. అలా గడిచే దారి ఇప్పుడు లేకపోతే ప్రయాణం ఒక సెమిస్టర్ వెనక్కి జరిగినా ఫర్వాలేదు.

ముందు ఆ బ్లాక్డ్ అకౌంట్ సంగతి చూద్దాం. 2024 సెప్టెంబరు నుంచి విద్యార్థి వీసాకు ఏడాదికి 11,904 యూరోలు అందులో చూపించాలి. నెలకు 992 చొప్పున మాత్రమే బయటకు వస్తాయి. వీసా ఆఫీసరును ఒప్పించడానికి పెట్టిన అంకె అని మనవాళ్లు అనుకుంటారు. నిజానికి ఒక విద్యార్థి ఒక నెల బతకడానికి కనీసం ఇంత కావాలని అక్కడి ప్రభుత్వం వేసిన అంచనా అది. నువ్వే లెక్క వేసి చూడు. చిన్న ఊళ్లో కరెంటు, హీటింగ్ కలిపి గది అద్దె 400 అనుకో. ముప్పై ఏళ్లలోపు విద్యార్థులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా సుమారు 145 అవుతుంది. ఇంట్లో టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికింత అని కట్టాల్సిన రేడియో, టీవీ రుసుము 18.36. ఇవి పోగా చేతిలో మిగిలేది 430 లోపే. తిండి, ఫోను, ప్రయాణాలు, చలికోటు, పుస్తకాలు, సెమిస్టర్‌కొకసారి యూనివర్సిటీకి కట్టే రుసుము అన్నీ అందులోనే. మ్యూనిక్ లాంటి నగరంలో అయితే అద్దె దగ్గరే ఈ లెక్క తలకిందులవుతుంది.

ఇప్పుడు ఆ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాం. యూరో వంద రూపాయలు వేసుకుంటే (2025లోనే వంద దాటింది) అసలు దాదాపు 11 లక్షల 90 వేలు. అసలు జోలికి పోకుండా వడ్డీ ఒక్కటే కట్టినా నెలకు 23,800 రూపాయలు, అంటే 238 యూరోలు. 430లో అవి పోతే తిండితో సహా అన్నిటికీ 190 మిగులుతాయి. ఇక అసలు కూడా నెలనెలా వెనక్కి పంపే పద్ధతిలో ఆ 992 మొత్తం పోతుంది. నువ్వు తినే ప్రతి ముద్దా ఆ నెల నువ్వు చేసిన కూలి మీదే ఆధారపడుతుంది.

ఆ కూలి ఎంత వస్తుంది? 2026 జనవరి నుంచి జర్మనీలో కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. విద్యార్థులు ఎక్కువగా చేసే మినీజాబ్‌లో నెలకు 603 యూరోల వరకే సంపాదించవచ్చు. అది 992లో ఐదింట మూడు వంతులు. పూర్తి 992 చేతికి రావాలంటే పెన్షన్ కోత పోను వారానికి సుమారు 18 గంటల పని కావాలి. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలు దాటితే బీమా విషయంలో విద్యార్థి హోదా పోతుంది. అంటే చట్టం ఒప్పుకునే అంచుదాకా, దిగిన మొదటి వారం నుంచీ, ఒక్క వారం కూడా జ్వరం రాకుండా పని చేయాలి. చదువు గంటలు వేరే. సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు, క్రెడిట్‌కు 30 గంటల శ్రమ అని అక్కడ లెక్క. ఆరు నెలల మీద 900 గంటలు, వారానికి 35. రెండూ కలిపితే 53 గంటలు. రానూపోనూ ప్రయాణం, వంట, నిద్ర, కొత్త భాష ఇందులో చేరనేలేదు.

కుదరదా అంటే కొందరికి కుదురుతుంది. కానీ కుదరనప్పుడు ఏమవుతుందో చూడు. రెండు సబ్జెక్టులు మిగిలి చదువు ఇంకో సెమిస్టర్ సాగితే ఇంకో ఆరు నెలల ఖర్చు, తక్కువలో తక్కువ 5,952 యూరోలు. ఉద్యోగంలో రావలసిన ఆరు నెలల జీతం కూడా పోయినట్టే. నివాస అనుమతి పొడిగించుకోవడానికి వెళ్లినప్పుడు వచ్చే ఏడాదికి డబ్బేదని మళ్లీ అడుగుతారు. మొదటి ఏడాది డబ్బు వెనక్కి పంపేసిన పిల్లలు అక్కడే ఇరుక్కుంటారు.

‘అందరూ ఇలాగే వెళ్లి నిలదొక్కుకున్నారు కదా పెదనాన్నా’ అంటావు. నిలదొక్కుకున్నవాళ్ల ఫొటోలే మనదాకా వస్తాయి. అర్ధరాత్రి గోదాములో పెట్టెలు మోసి పొద్దున పరీక్షకు వెళ్లలేకపోయిన పిల్ల ఆ మాట ఇంట్లో కూడా చెప్పుకోదు. పైగా ముందు వెళ్లినవాళ్ల లెక్క నీకు సరిపోవాలనేమీ లేదు. వాళ్ల ఊళ్లో అద్దె ఎంతో, వాళ్లకు జర్మన్ ఎంత వచ్చో మనకు తెలియదు. భాష రాని విద్యార్థికి దొరికే పనులు కొన్నే, వాటికోసం పోటీపడేవాళ్లు ఎందరో.

‘నాన్న మీద భారం పెట్టలేను’ అన్నది నీ అసలు బాధ అని నాకు తెలుసు. ఆ మాట అనగలిగే మనసున్నందుకు నిన్ను చూస్తే గర్వంగా ఉంటుంది. కానీ వడ్డీ డబ్బుతో తగ్గేది భారం కాదమ్మా, అది కనబడకుండా నీ భుజం మీదకు మారుతుంది. అదే 12 లక్షలు బ్యాంకు విద్యారుణంగా, పదకొండు శాతానికి తెచ్చినా వడ్డీ నెలకు 11 వేలు, బయటి వడ్డీలో సగం కూడా లేదు. వాయిదాలు చదువు అయిపోయి ఆరు నెలలో ఏడాదో గడిచాకే మొదలవుతాయి. ఈలోపు వడ్డీ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి వీలైనంత మీ నాన్న ఇక్కడే కడుతుండాలి. పాత పద్ధతిలో రిటర్ను వేస్తే ఆ వడ్డీకి పన్ను మినహాయింపు ఉంది. ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా హామీగా ఇల్లో స్థలమో అడుగుతారు, కాగితాలకు రెండు నెలలు తిరగాలి. ఆ తిరగడం భరించలేకే చాలా ఇళ్లలో వడ్డీ వ్యాపారి గడప తొక్కుతారు. ఇంకొకటి, 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షలు దాటి సొంత డబ్బు విదేశానికి పంపితే టీసీఎస్ అనే పన్ను పట్టుకుంటారు, బ్యాంకు విద్యారుణం మీద పట్టుకోరు. నీ స్నేహితుల్లో ఎస్సీ, ఎస్టీ పిల్లలుంటే తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా వస్తుందని గుర్తు చెయ్యి. అక్కడ చేరాక నెలకు 300 యూరోల డాయిచ్‌లాండ్ స్టిపెండియమ్ అనే స్కాలర్‌షిప్‌కు విదేశీ విద్యార్థులూ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

బ్లాక్డ్ అకౌంట్ కాక ఇంకో రెండు నెలల డబ్బు విడిగా ఉంచుకోవాలి. కారణం చెబుతాను. ఇంట్లో దిగిన రెండు వారాల్లో ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి, దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. చాలా బ్యాంకులు ఆ నమోదు పత్రం చూశాకే ఖాతా తెరుస్తాయి, ఖాతా ఉంటేనే నీ 992 అందులో పడుతుంది. అంటే గది దొరకడం ఆలస్యమైతే నీ డబ్బే నీకు అందదు. సరిగ్గా అప్పుడే మొదటి అద్దె, డిపాజిట్ కట్టమంటారు. డిపాజిట్ హీటింగ్ ఖర్చులు కలపని మూడు నెలల అద్దెకు మించకూడదని అక్కడి చట్టం. దాన్ని మూడు నెలల వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది. అడగడానికి మొహమాటపడకు. గది చూడకుండా, తాళం చేతికి రాకుండా ఎవరికీ డిపాజిట్ పంపకు.

అలాగని పని చేయొద్దని నేననడం లేదు. ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయనిస్తారు, అది నీ హక్కు. మొదటి సెమిస్టర్‌లో ఆ గంటలు జర్మన్ నేర్చుకోవడానికి పెట్టు. రెండో ఏడాది నీ చదువుకు సంబంధించిన కంపెనీలోనో, ప్రొఫెసర్ దగ్గరో గంటలు దొరికే అవకాశం అప్పుడు పెరుగుతుంది. ఆ జీతం విడి ఖాతాలో వేసి వచ్చే ఏడాది అనుమతి కోసం దాచు, మిగిలితే వడ్డీకి పంపు. తిండి దానిమీద ఆధారపడనప్పుడు పరీక్షల నెలలో పని మానేయగలవు, కూలి ఎగ్గొట్టే యజమానికి నమస్కారం పెట్టి బయటికి రాగలవు.

ఆదివారం మీ నాన్నతో కూర్చో. పార్ట్‌టైమ్ గడి ఖాళీగా వదిలి కాగితం మళ్లీ రాయండి. యూరోలు ఒక వరుసలో, రూపాయలు ఒక వరుసలో ఉండాలి. బ్యాంకు మేనేజరు ఏ కాగితాలు అడిగారో నాకు ఫోన్ చేసి చెప్పు, స్థలం పత్రాల పని నేను చూసుకుంటాను. స్టుడీరెండెన్‌వెర్క్ (విద్యార్థి సేవా సంస్థ) హాస్టల్ గదికి దరఖాస్తు మాత్రం ఈ రాత్రే పెట్టెయ్యి, అక్కడ వరుస పెద్దది.

ఇట్లు,
మీ పెదనాన్న