నూక యెందువలన వచ్చును?
(మిల్లు పనిలో నాణ్యతను కాచుకొను పద్ధతి)

మిల్లులో బియ్యముతోపాటు నూకయు వచ్చుట మనమందర మెరిగినదే. నూక హెచ్చినప్పుడు మిల్లువారు వడ్లు మంచివి కావందురు. రైతులు మర మంచిది కాదందురు. యజమాని మర నడుపు పనివానిని కోపించును. తుదకు కాంటాయొద్ద తరుగు పేరిట బస్తాకింతయని కోయుటతో తగవు ముగియునే గాని నూక తగ్గదు. కావున తప్పెవరిదని కాక, తప్పెక్కడ పుట్టుచున్నదని విచారించు పద్ధతి నొకదానిని ఇచ్చట వివరింతుము.

మిల్లు సంఘముదే యైనచో ఈ విచారణ మరింత యవసరము. పూర్వపు కరీంనగరు జిల్లాలోనిదై, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో నున్న ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారి నాయకత్వమున సహకార సంఘ మేర్పడినది. అది అప్పులిచ్చుటతో నాగక, సభ్యుల వడ్లను కొని బియ్యము చేయించుటకును, విత్తనములను శుద్ధిచేయుటకును పూనుకొనెను. అట్టి సంఘములలో వడ్లును సభ్యునివే, మరయు సభ్యునిదే. నూకవలని నష్టమును ఒకరు మరియొకరిపై త్రోయుటకు వీలులేదు.

మన ప్రాంతమున యాసంగి వడ్లకు నూక యెక్కువ. ఆ పంట చైత్ర వైశాఖముల యెండలో కోతకు వచ్చును. పగలు మిక్కిలి యెండిన గింజ రాత్రి మంచుకో, అకాలపు వానకో తడిసినచో లోపలనే బీటలు వారును. పైపొట్టు చెదరకుండుటచే బీట కంటికి కానరాదు. మరలో ఒత్తిడి తగులగానే గింజ విరుగును. అనగా నూక మిల్లులో బయటపడుచున్నను, దానిలో కొంత భాగము కల్లములోనే పుట్టినది.

ఇక లెక్క సంగతి. ఏ మరయు దినదినము సరిగా ఒకే పాలు నూకనిచ్చుట లేదు. ఈ హెచ్చుతగ్గులు రెండు విధములు. మొదటిది, పనిలో సహజముగా నుండునది. రెండవది, రోలరు అరుగుటవలననో, తడి లోడు వచ్చుటవలననో, ఏదో యొక ప్రత్యేక కారణముచే కలుగునది. ఈ రెంటిని వేరుపరచు పటమును 1924లో అమెరికాలో షూహార్టు అను శాస్త్రజ్ఞుడు టెలిఫోను సామగ్రి తయారీకై కల్పించెను. 1950లో డెమింగు ఈ విద్యను జపాను పరిశ్రమల వారికి బోధించెను. మన దేశమున 1931లో మహలనోబిసుగారు కలకత్తాలో స్థాపించిన భారత గణాంక శాస్త్ర సంస్థ దీనిని వ్యాపింపజేసెను. పేరు పెద్దదైనను, కూడికలు గుణకారములు వచ్చిన గుమాస్తాకు ఇది సాధ్యమే.

చేయవలసిన క్రమ మిది.

1. ప్రతిదినము మొదట, నడుమ, చివర కొంచెము కొంచెము బియ్యము తీసి, కలిపి, అందులో 100 గ్రాములు తూచవలెను. నిండు గింజలో ముప్పాతికకు తక్కువైన తునకలను ఏరి తూచవలెను. అదియే ఆనాటి నూక.

2. ఆ యంకెను, వడ్ల రకమును, తేమను, ఏ యూరి లోడో యను సంగతిని పుస్తకమున వ్రాయవలెను.

3. ఇరువది దినములైన పిదప సగటు కట్టవలెను. ఏ దినమునకు ముందటి దినమునకు గల భేదములకును సగటు కట్టి, దానిని 2.66 చేత గుణింపవలెను. వచ్చిన దానిని నూక సగటునకు కలుపగా పైహద్దు, తీసివేయగా క్రిందిహద్దు ఏర్పడును.

ఉదాహరణమునకు నూక సగటు 22 గ్రాములు, భేదముల సగటు 1.5 గ్రాము లనుకొందము. 2.66 చేత గుణింపగా సుమారు 4 వచ్చును. హద్దులు 26, 18. ఒకనాడు 24 వచ్చినచో అది సహజమే. అందుకై మరను త్రిప్పి బిగించుట, పనివానిని గద్దించుట కూడదు. ఊరక సవరించినకొలది హెచ్చుతగ్గులు పెరుగును. 29 వచ్చినచో నాడే కారణము వెదకవలెను. 16 వచ్చినను వెదకవలెను. మంచికి కారణము తెలిసిన దానిని నిలుపుకొనవచ్చును. వరుసగా ఎనిమిది దినములు సగటునకు పైననే యున్నచో, రోలరు క్రమముగా అరుగుచున్నదేమో చూడవలెను.

అంకెలన్నియు హద్దులలోనే యుండి, 22 సగటే మనకు ఎక్కువయని తోచినచో? అప్పుడు తప్పు ఏ యొక్కనిదియు కాదు, పద్ధతినే మార్చవలెను. సన్నరకమును దొడ్డురకమును కలిపి ఆడించరాదు; ఒకదానికి తగిన రోలర్ల యెడము మరియొకదానికి తగదు. కొనుగోలు కేంద్రములో 17 పాళ్ల తేమ చెల్లినను, మిల్లు ఆడించునప్పటికి 14 ప్రాంతమునకు రావలెను. కల్లములో వడ్లను అంగుళము, అంగుళమున్నర మందమున పరచి, అరగంట కొకసారి కలియబెట్టి, రాత్రి కప్పవలెను. బీటవారిన యాసంగి వడ్లను నానబెట్టి ఆవిరిపట్టి ఉప్పుడు బియ్యము చేసినచో బీటలు అతుకుకొని నూక తగ్గును. అయితే దానికి ఖర్చు గలదు, కొనువారుండవలెను. ఒకమారు ఒక్క మార్పునే చేసి, మరల ఇరువది దినములు లెక్క చూచినగాని ఏది ఫలించెనో తెలియదు.

ఈ పుస్తకము మిల్లు గదిలో దాచుటకు కాదు; సభ్యులందరు చూచునట్లు కాంటాయొద్ద నుండవలెను. అప్పుడు తరుగు కోయుదుమనువారు అంకె చూపవలసి యుండును. మర మంచిది కాదనువారును అంకెనే చూపవలసి యుండును. వచ్చు పంటనుండియే ప్రతి సంఘమును ఒక త్రాసును, ఒక పుస్తకమును సిద్ధపరచుకొనవలెనని కోరుచున్నాము.