దోమకాటుకు డీట్ పూత

దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే కనుగొనెను. రాజేంద్రనగర్ చుట్టుపట్ల ప్రొద్దుగూకిన తరువాత మడికి నీరు పెట్టబోవువారికి నేటికిని దోమకాటు తప్పుట లేదు.

అమెరికా సైన్యము కొరకు 1946లో వెలువడిన డీట్ అను పూతమందు ఇందుకు ఉపకరించును. ఇది దోమను చంపదు. మన ఒంటి వాసనను పసిగట్టు దాని శక్తిని తికమకపరచును. పూసినంత మేరకే రక్షణ. మడమ వదలినచో మడమనే కుట్టును.

వాడు విధము: బట్ట కప్పని చోట్ల పలుచగా పూయవలెను. 10 శాతము మందు సుమారు 2 గంటలు, 30 శాతముది సుమారు 5 గంటలు పనిచేయును. చెమట పట్టినను, నీట తడిసినను ముందే తగ్గును. కండ్లకు, పుండ్లకు తగలనీయరాదు. రెండు నెలలలోపు పసిబిడ్డలకు వాడరాదు. ఇల్లు చేరగానే సబ్బుతో కడుగుకొనవలెను.

పైరుకు చల్లు పురుగుమందును మాత్రము దోమలకని ఒంటికి ఎన్నడును రాసుకొనరాదు. అది చర్మము గుండా లోనికి పోయి ప్రాణము తీయవచ్చును.