పదమూడో యాభై

సికింద్రాబాద్,
ఆదివారం.

అమ్మలూ,

మొన్న ఫోన్లో సగం మాటలు నీ ఏడుపులోనే కొట్టుకుపోయాయి. తర్వాత మీ అమ్మనడిగి సంగతి తెలుసుకున్నాను. కొత్త ఈత కోచ్ 30 యాభైలు, అంటే ముప్పై సార్లు యాభై మీటర్లు, ఈదమన్నాడు. ఒక్కోటి 35 సెకన్లలో రావాలి, మధ్యలో 20 సెకన్లు విరామం. పదమూడోది 36 పడింది. పద్నాలుగోది వదిలేసి గట్టు పట్టుకుని ఆగమన్నాడు. పదిహేనోదీ తప్పింది. ఇక చాలు, బయటికి రమ్మన్నాడు. పక్క లేన్లలో వాళ్ళు ఇంకా ఈదుతుంటే నువ్వు తువ్వాలు కప్పుకుని నిలబడ్డావు. అంతేగా?

ఆయన నిన్ను తక్కువ చేయలేదే తల్లీ. లెక్క చూడు. 200 ఫ్రీస్టైల్ 2 నిమిషాల 20 సెకన్లలో ముగించాలని నీ ఆశ. అంటే యాభైకి 35. ఆ వేగం తగ్గకుండా పన్నెండు ఈదావు, 600 మీటర్లు! నీ రేసుకు మూడింతలు. ఆపకుండా ఈదమంటే ఆ వేగంతో ఒక్క 200 పూర్తిచేయడమే నీకింకా కష్టం.

ఈ కిటుకంతా ఆ 20 సెకన్లలో ఉంది. 1960లో స్వీడన్‌లో ఒక మనిషి చేత గంటసేపు బరువు పెట్టిన సైకిల్ తొక్కించి చూశారు. మూడు నిమిషాలు తొక్కి మూడు నిమిషాలు ఆగితే గంట గడిచేసరికి సొమ్మసిల్లే స్థితి. అర నిమిషం తొక్కి అర నిమిషం ఆగితే అదే బరువు, మొత్తానికి అంతే పని, రక్తంలో లాక్టిక్ ఆమ్లం మాత్రం కొంచెమే. కండరం తనలో దాచుకున్న కాస్త ఆక్సిజన్‌తో పని నడిపించి, ఆగినప్పుడు మళ్ళీ నింపుకుంటుందన్నమాట. శాన్ డియాగోలో బ్రెంట్ రషల్ అనే ప్రొఫెసర్ ఇలాంటి ఆధారాలన్నీ కూడగట్టి ఈతగాళ్ళకు ఒక పద్ధతి తయారుచేశాడు. మీ కోచ్ చేయిస్తున్న ‘రేస్ పేస్’ అదే. ఒకటి తప్పితే ఒకటి మానాలి. వరుసగా రెండు తప్పినా, మొత్తం మీద మూడు తప్పినా సెట్ అయిపోయినట్టే.

నేను మోటబావిలో బెండు కట్టుకుని ఈత నేర్చినవాణ్ణి. కోచ్‌నయ్యాక కిలోమీటర్లే గొప్పనుకున్నాను. ఒక కుర్రాడుండేవాడు. నాలుగో కిలోమీటరుకు మోచేయి కుంగేది, నడుము నీళ్ళలోకి జారేది, అరచెయ్యి నీటిని పట్టకుండా జారిపోయేది. నేను గట్టు వెంట నడుస్తూ “వదలకు, పూర్తి చెయ్యి” అని అరిచేవాణ్ణి. అలసిన చేత్తో తప్పుగా ఈదడం వాడికి రోజూ గంటసేపు నేర్పింది నేనే. రేసులో మూడో యాభైకి వాడి చెయ్యి సరిగ్గా అలాగే పడేది. మరి అదేగా అలవాటైంది! నాకది చాలా ఆలస్యంగా తట్టింది.

అందుకే రేసు వేగంతోనే ఈదాలంటే మీ అమ్మమ్మ ఒప్పుకోదు. మొదటి కాలం కుదరందే రెండో కాలం ముట్టుకోనివ్వని సంగీతం టీచరాయె. చిన్నపిల్లల విషయంలో ఆవిడే రైటు. స్ట్రోక్ రానివాళ్ళను వేగంగా ఈదమంటే నీళ్ళు చిందుతాయంతే. నీకు స్ట్రోక్ ఉంది.

అలాగని దీన్ని వేదం చేసుకోకు. అమెరికా కుర్రాడు మైఖేల్ ఆండ్రూ తండ్రి శిక్షణలో ఈ పద్ధతిలోనే పెరిగాడు. 2021లో టోక్యోలో 200 మెడ్లే ఫైనల్లో 150 మీటర్ల దాకా ముందున్నాడు. చివరి ఫ్రీస్టైల్‌లో చేతులు బరువెక్కి ఐదోవాడయ్యాడు. కిలోమీటర్లు తక్కువైతే ఇంతేనని చాలామంది వేలెత్తి చూపారు. అదే ఒలింపిక్స్‌లో 4×100 మెడ్లే రిలేలో బ్రెస్ట్‌స్ట్రోక్ ఈది, 3:26.78 ప్రపంచ రికార్డులో భాగం పంచుకున్నాడు. ఈ రెండిట్లో ఏది రుజువు, ఏది కాదు అన్నది నేనింకా తేల్చుకోలేదు.

నువ్వు మాత్రం గడియారాన్ని మోసం చేయకు. మొదటి నాలుగూ 33లో ఈది పక్క లేన్‌వాళ్ళ మెప్పు పొందాలని చూస్తావు, నీ సంగతి నాకు తెలియదా! అప్పుడు తొమ్మిదోదే తప్పుతుంది. ముల్లు అంకె మీదికి రాకముందే గోడను తన్నొద్దు. నోట్‌బుక్‌లో రెండే అంకెలు రాసుకో. మొదటి తప్పు ఎన్నోదానికి వచ్చింది, మొత్తం ఎన్ని సరిపడ్డాయి. ఒక్కటి పెరిగినా పెరిగినట్టే.

శుక్రవారం మీ మామయ్య బెంగళూరు వస్తున్నాడు. సున్నుండల డబ్బా పంపుతోంది అమ్మమ్మ. అందగానే ఫోన్ చెయ్యి. పదమూడో యాభై ఎంత పడిందో ముందు చెప్పు, సున్నుండల సంగతి తర్వాత.

మీ తాతయ్య